జవాబు గంట

(కాసిపేటలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో సెల్‌ఫోను మీద నాలుగు మాటలు చెప్పమని మన కార్యదర్శి గారు అడిగారు. "ఫోను ఎట్ల వాడాల్నో మా మనుమలు చెప్తరు. ఫోన్ల మనుషులు ఎట్ల కలుస్తున్నరో, ఎట్ల దూరమైతున్నరో నువ్వు చెప్పు" అన్నారు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. బదిలీ ఫిల్లరుగా చేరాను. తరువాత ఒక షాఫ్టు బాయిలో చాలా ఏళ్లు బ్యాంక్స్‌మన్‌గా చేశాను. చివరి సంవత్సరాలు ఈ కాసిపేట గనిలో గడిపి దిగిపోయాను. బ్యాంక్స్‌మన్ పని ఏమిటో బాయి మనుషులకు తెలుసు, పిల్లల కోసం చెబుతున్నాను. షాఫ్టు మూతి దగ్గర నిలబడి కేజీ ఎక్కేవాళ్లను, దిగేవాళ్లను చూసుకోవడం, ఇంజను డ్రైవరుకు గంటలు కొట్టడం, అక్కడి నుంచి వచ్చే గంటలు వినడం. కనపడని మనిషికి కబురు పంపి, అతని కబురు అందుకోవడమే నా ఉద్యోగం. అందుకని ఈ విషయం మీద మాట్లాడటానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటున్నాను.

గంటల భాష

గనుల నిబంధనల్లో గంటలకు ఒక లెక్క ఉంది. కేజీ నడుస్తున్నప్పుడు ఒక గంట కొడితే ఆపమని. ఆగి ఉన్నప్పుడు ఒక గంట కొడితే ఎత్తమని. రెండు గంటలైతే దించమని. మూడు గంటలైతే మనుషులు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారని. ఈ మూడు గంటల దగ్గర ఒక విశేషం ఉంది. నేను మూడు కొట్టినంత మాత్రాన ఎవరూ కేజీలో అడుగు పెట్టకూడదు. ఇంజను డ్రైవరు విని, తన చేతిలో బండి స్థిరంగా ఉందని చూసుకుని, తిరిగి మూడు గంటలు కొట్టాలి. ఆ జవాబు వచ్చాకే మనిషి కాలు లోపల పెట్టాలి. బొగ్గు టబ్బుకు ఈ జవాబు అక్కరలేదు, మనిషికే కావాలి.

ఆ నిబంధన రాసినవారు ఎవరో గానీ మనిషి సంగతి తెలిసినవారు. పంపడంతో కబురు సగమే అయినట్టు. విన్నవాడు "విన్నాను" అంటేనే అది పూర్తవుతుంది. ఈ రోజు నేను చెప్పదలచింది ఇంతే. మన చేతిలోని ఫోనులో గంటలు కొట్టేవాళ్లు ఎక్కువయ్యారు, జవాబు గంట కొట్టేవాళ్లు తక్కువయ్యారు. దానివల్ల మనకు జరుగుతున్న మంచి ఏమిటి, చెడు ఏమిటి, మన సంఘం చేయగలిగింది ఏమిటి అన్నది ఒక్కొక్కటిగా మనవి చేస్తాను.

కార్డు నుంచి మిస్డ్ కాల్ దాకా

మన బెల్టుకు జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి, ఉత్తరాది నుంచి కూడా వచ్చారు. తల్లిదండ్రులు ఊళ్లో, మనం గని మీద. మధ్యన పోస్టుకార్డు. 1990ల మధ్య దాకా కార్డు 15 పైసలే. రాయడం రానివారు క్యాంటీన్ దగ్గర చదువు వచ్చిన తమ్ముణ్ణి పట్టుకుని రాయించుకునేవారు. అందులో "మేమంతా క్షేమం, మీ క్షేమం తెలుపగలరు" అన్న మాట తప్పకుండా ఉండేది. గమనించండి, అదే జవాబు గంట. మన క్షేమం చెప్పి ఊరుకునేవాళ్లం కాదు, వాళ్ల క్షేమం అడిగి కార్డు ముగించేవాళ్లం. పెండ్లి పత్రిక నాలుగు మూలలకు పసుపు ఉండేది. దశదిన కర్మ పత్రికకు ఉండేది కాదు. చదవకముందే చేతికి తెలిసిపోయేది. ఈనాడు పెండ్లి కబురు, చావు కబురు రెండూ ఫోనులో ఒకే చప్పుడుతో వస్తున్నాయి.

అత్యవసరమైతే టెలిగ్రాం. ఇంటి ముందు టెలిగ్రాం మనిషి సైకిల్ ఆగితే ఆడవాళ్లు ముందుగానే ఏడ్చేవారు. 2013 జూలైలో ఆ సేవ దేశమంతటా ఆగిపోయింది. ఆ తరువాత చాలామందికి అది ఆగిపోయిన సంగతే తెలియలేదు, ఎందుకంటే అప్పటికే అవసరం తీరిపోయింది. మధ్యలో ఎస్టీడీ బూతులు వచ్చాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని రెండో షిఫ్టు దిగి వచ్చి వరుసలో నిలబడేవాళ్లం. మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. అదే ఏడాది ఆగస్టు 15న ఇంటర్నెట్ మామూలు జనానికి తెరుచుకుంది. కానీ అవి మన క్వార్టర్ల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. మొదట్లో మనకు ఫోను వస్తే కూడా మనమే డబ్బు కట్టేవాళ్లం. 2003లో ఆ పద్ధతి పోయింది.

అప్పుడు మన జనం ఒక భాష కనిపెట్టుకున్నారు. అదే మిస్డ్ కాల్. కొడుకు హైదరాబాదులో బస్సు దిగి ఒక్కసారి మోగించి పెట్టేస్తే "చేరిన" అని. రెండుసార్లు మోగిస్తే "నువ్వు ఫోన్ చెయ్యి" అని. దుబాయిలో, మస్కట్‌లో ఉన్న పిల్లలు కూడా అంతే. ఇది అచ్చంగా మన గంటల లెక్కే. ఎవరూ నేర్పలేదు, చట్టంలో లేదు. చేతిలో పైసలు లేనివారు తమలో తాము ఒప్పుకుని కట్టుకున్న భాష అది.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. అప్పటి నుంచి బొమ్మ చూస్తూ మాట్లాడటం మామూలైపోయింది. గల్ఫులో ఉన్న పిల్లలతో మాట్లాడేవారికి ఒక సంగతి తెలుసు. దుబాయి, అబుదాబి ఉన్న ఎమిరేట్స్‌లో వాట్సాప్‌లో రాసుకోవచ్చు గానీ కాల్ కలవదు. అందుకని అక్కడి పిల్లలు బోటిమ్ వంటి వేరే యాప్ పెట్టుకోమంటారు. అరవై ఏళ్లు దాటిన తల్లులు ఆ యాప్ పేరు తప్పు లేకుండా పలుకుతున్నారు. బిడ్డ ముఖం చూడాలన్న కోరిక ఏ చదువునైనా నేర్పిస్తుంది.

తెర మీద మొదలైన పరిచయాలు, తెర మీదికి చేరిన పరిచయాలు

ముఖం చూడకుండా స్నేహం కుదురుతుందా అని పెద్దలు అడుగుతుంటారు. కుదురుతుంది. మన తెలుగువాళ్లే దానికి సాక్ష్యం. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువారు కంప్యూటర్లలో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవారు. తెలుగు అక్షరాలు కంప్యూటరులో లేవు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాశారు. అలా రాసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే ఉపాయాన్ని అక్కడి రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనందకిషోర్ అనే ఇద్దరు తయారుచేశారు. సాహిత్యం, వంటలు, రాజకీయాలు అన్నీ అలాగే చర్చించుకున్నారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఎక్కడెక్కడో ఉన్నవారు జీతం లేకుండా కలిసి రాస్తున్న విజ్ఞాన సర్వస్వం అది. రాసేవారిలో చాలామంది ఒకరినొకరు చూడకముందే స్నేహితులయ్యారు.

వారికి పరిచయం తెర మీద మొదలై మనుషుల దాకా వచ్చింది. మన సంగతి తలకిందులు. మనం ముందే మనుషులం. ఒకే పని స్థలంలో చెమట కార్చినవాళ్లం, ఒకరి టిఫిన్ ఒకరు తిన్నవాళ్లం, పైకప్పు కింద ఒకరి ప్రాణం ఒకరి చెవిలో పెట్టుకుని పని చేసినవాళ్లం. "అన్నా, జరుగు" అని ఒకడు అరిస్తే ఎందుకని అడగకుండా ఎగిరి దుమికినవాళ్లం. అటువంటి పరిచయం దిగిపోయాక వచ్చి తెర మీద చేరింది.

ఎందుకు చేరింది? 1990ల మొదట్లో మన కంపెనీలో లక్షకు పైగా పనిచేసేవారు. ఈనాడు ఆ సంఖ్య 40 వేల చుట్టుపక్కల ఉంది. పాత బాయిలు మూతపడ్డాయి. కొందరు గోల్డెన్ హ్యాండ్‌షేక్ కింద ముందే దిగిపోయారు. దిగిపోయినవారు క్వార్టరు అప్పజెప్పాలి. ఒకరు సొంత ఊరికి, ఒకరు కొడుకు దగ్గరికి హైదరాబాదుకు, ఒకరు బిడ్డ దగ్గరికి కరీంనగర్‌కు వెళ్లారు. ముప్పై ఏళ్లు ఒకే సైరన్‌కు లేచినవాళ్లం ఆరు నెలల్లో ఆరు దిక్కులైపోయాం. ఆ సైరన్ బదులు ఇప్పుడు మనల్ని పొద్దున్నే లేపేది గ్రూపు చప్పుడు.

దీనివల్ల మేలు చాలా ఉంది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా పండితుడు 1973లో ఒక వ్యాసం రాశారు. జనాన్ని "మీకు ఉద్యోగం సంగతి ఎవరు చెప్పారు?" అని అడిగితే, దగ్గరి స్నేహితులకన్నా ఎప్పుడో ఒకప్పుడు కనపడే పరిచయస్తులే ఎక్కువగా చెప్పారని తేలింది. కారణం సులువే. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ ముందే తెలుసు. దూరపువాడు కొత్త సంగతి తెస్తాడు. మన గ్రూపులోనూ అదే చూస్తున్నాం. మెడికల్ కార్డు సంగతి, ప్రావిడెంట్ ఫండ్ పెన్షన్ సంగతి, హైదరాబాదులో రక్తం కావలసిన సంగతి – ఇవన్నీ ఎక్కడో ఉన్న పాత షిఫ్టువాడు చెబితేనే తెలుస్తున్నాయి. లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆఫీసు మెట్లెక్కకుండా జీవన్ ప్రమాణ్ అనే పద్ధతి 2014 నవంబరులో వచ్చింది. 2021 నుంచి ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. మంచం దిగలేని మన పెద్దలకు అది ఎంత ఉపకారమో చెప్పనక్కరలేదు. ఆ సంగతి మనలో ఎక్కువమందికి చేరింది గ్రూపు ద్వారానే.

శుభోదయం బొమ్మ

ఇక మీరందరూ నవ్వే విషయానికి వస్తాను. పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు. గులాబీ పువ్వు, ఉదయించే సూర్యుడు, కింద ఒక సూక్తి. "ఫోను నిండిపోతుంది" అని మన పిల్లలు విసుక్కుంటారు. మనలోనూ కొందరు విసుక్కుంటారు.

మా పాత షిఫ్టువాళ్ల గ్రూపులో ఒక ఫిల్లరన్న ఉన్నాడు. భార్య పోయింది, పిల్లలు దూరాన ఉన్నారు, ఇక్కడికి దగ్గరలోనే ఒంటరిగా ఉంటాడు. ప్రతి రోజు ఐదున్నరకు అతని బొమ్మ వచ్చేది. మొదటి షిఫ్టుకు లేచే అలవాటు పోలేదు మరి. ఎవరూ జవాబు ఇచ్చేవారు కాదు. "అన్నా, ఈ బొమ్మలు జర తక్కువ పెట్టరాదే" అని ఒకరు రాశారు కూడా. అయినా అతను మానలేదు. ఒకనాడు ఏడైనా బొమ్మ రాలేదు. గోదావరిఖనిలో ఉన్న ఒక తమ్ముడు గమనించాడు. ఫోను చేశాడు, ఎత్తలేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. నాకు చేశాడు. నేను ఆ వాడలో ఉండే మరొకరికి చేశాను. ఆయన చెప్పులైనా వేసుకోకుండా పోయి తలుపు తోసి చూస్తే అన్న స్నానాల గదిలో పడి ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది, రాత్రి నుంచి అక్కడే ఉన్నాడు. ఆస్పత్రికి తీసుకుపోయాం, ఆపరేషన్ అయింది, బతికాడు. ఈ రోజు ఈ సభకు కర్ర పట్టుకుని వచ్చాడు. పేరు చెప్పవద్దన్నాడు కాబట్టి చెప్పను.

ల్యాంప్ రూము గుర్తు తెచ్చుకోండి. బిళ్ల ఇచ్చి ల్యాంపు తీసుకునేవాళ్లం. షిఫ్టు అయ్యాక ల్యాంపు ఇచ్చి బిళ్ల తీసుకునేవాళ్లం. బోర్డు మీద ఒక బిళ్ల మిగిలిందంటే ఒక మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. వెతకకుండా ల్యాంప్ రూమువాడు ఇంటికి పోడు. ఆ శుభోదయం బొమ్మ అతని బిళ్ల. రోజూ అది వస్తున్నప్పుడు దానికి విలువ లేదు. రానినాడే దాని విలువ. అయితే బోర్డు ఉంటే చాలదు, దాన్ని చూసేవాడు ఒకడు ఉండాలి. ఆ రోజు గోదావరిఖని తమ్ముడు చూశాడు కాబట్టి సరిపోయింది.

నీలం టిక్కులు

ఫోనులో మనం పంపిన మాట అవతల చేరితే రెండు టిక్కులు వస్తాయి. చదివితే అవి నీలం రంగు అవుతాయి. దాన్ని మనం జవాబు అనుకుంటున్నాం. అది జవాబు కాదు. అది యంత్రం చెప్పే మాట, మనిషి చెప్పే మాట కాదు. "ఒంట్లో బాగా లేదు" అని ఒకరు రాస్తే యాభై మంది చూస్తారు. ప్రతి ఒక్కరూ "ఇంతమంది చూశారు కదా, ఎవరో ఒకరు అడుగుతారులే" అనుకుంటారు. చివరకు ఎవరూ అడగరు. కేజీ దగ్గర ఆ వెసులుబాటు లేదు. గంట విన్న ఇంజను డ్రైవరు ఒక్కడే, జవాబు కొట్టవలసినవాడూ అతనొక్కడే.

వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1,024 మంది దాకా ఉండవచ్చు. కానీ మనిషి మనసుకు అంత జాగా లేదు. రాబిన్ డన్‌బార్ అనే బ్రిటిష్ పండితుడు మనిషి నిజంగా సంబంధం నిలుపుకోగలిగింది సుమారు 150 మందితోనే అని 1990ల్లో లెక్కకట్టారు. ఆ లెక్క మీద వాదోపవాదాలు ఉన్నాయి, అది వేరు సంగతి. మన అనుభవం మాత్రం అంతే. ఒక షిఫ్టులో ఒక డిస్ట్రిక్టులో ఎంతమంది ఉంటారో అంతమంది పేర్లే మనకు నిద్రలో లేపినా గుర్తుంటాయి.

రాసిన మాటకు గొంతు లేదన్నది ఇంకో చిక్కు. బాయిలో మనం ఆడుకున్న మాటలు బయట ఆడితే కొట్లాటలే. కానీ అక్కడ ముఖం కనపడేది, నవ్వు కనపడేది. అదే మాట గ్రూపులో రాస్తే అవతలివాడికి నవ్వు కనపడదు, మాట ఒక్కటే కనపడుతుంది. మాకు తెలిసిన ఒక గ్రూపులో ఎన్నికల సమయంలో ఇద్దరు పాత జోడీలు ఒక పార్టీ బొమ్మ దగ్గర మాటామాటా అనుకుని గ్రూపు వదిలిపెట్టారు. ఒకనాడు ఒకే పలుగు ఇద్దరూ పట్టినవాళ్లు. యూనియన్ ఎన్నికల్లో ఎదురెదురు జెండాలు మోసి, మరునాడు పక్కపక్కన చాయ్ తాగినవాళ్లు. అప్పుడు తెగనిది ఇప్పుడు ఎందుకు తెగింది? మరునాడు చాయ్ లేదు కాబట్టి. తగాదా ఫోనులో జరిగితే రాజీ ఫోనులో కాదు, ఇంటి అరుగు మీద జరగాలని నా అభిప్రాయం.

పుకారు, దండోరా

ఫార్వర్డు సంగతి కూడా చెప్పాలి. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. ఆ ఏడాది దేశంలో చాలాచోట్ల ఆ పుకారు నమ్మి జనం అమాయకులను కొట్టి చంపారు. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఏం చేశారో తెలుసుకోదగింది. ఫోనులో వచ్చిన అబద్ధాన్ని ఫోనుతో మాత్రమే కొట్టలేమని గ్రహించారు. కానిస్టేబుళ్లకు ఊళ్లు పంచి, ఊరూరా పంపించారు. దండోరా వేయించారు, డప్పు కొట్టించారు, పాటలు పాడించారు. ఊరి వాళ్ల గ్రూపుల్లో పోలీసులు కూడా చేరి, ఏదైనా అనుమానం వస్తే అడగమన్నారు. ఆ జిల్లాలో అటువంటి చావు జరగలేదు.

అదే ఏడాది జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఇంకొకరి దగ్గర నుంచి వచ్చిన సందేశమని తెలిపే గుర్తు కూడా పెట్టింది. ఆ గుర్తును మనం చూడాలి. షుగరుకు ఆకు రసం, మోకాళ్లకు నూనె, పెన్షన్ రెండింతలు అయిందన్న వార్త – ఇవన్నీ ఆ గుర్తుతోనే వస్తాయి. పంపినవాడు మన తమ్ముడే కావచ్చు, కానీ ఆ మాట మన తమ్ముడిది కాదు. "ఇది నీకు ఎవరు చెప్పిన్రు తమ్మీ?" అని ఒక్క మాట అడిగితే సగం పుకార్లు అక్కడే ఆగిపోతాయి.

డబ్బు అడిగే గొంతు

పెన్షనర్ల మీద దొంగల కన్ను ఎందుకు పడిందంటే, మన దగ్గర దిగిపోయినప్పుడు వచ్చిన మొత్తం ఉంటుంది, పక్కన అడిగే మనిషి ఉండడు. "మీ లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఈ లింకు నొక్కండి" అని ఒకడు. "బాబాయ్, నేను మీ అన్న కొడుకును, నంబరు మార్చిన, అర్జెంటుగా పైసలు పంపు" అని ఒకడు, మన పిల్లవాడి ఫొటో పెట్టుకుని మరీ. పోలీసు డ్రెస్సులో వీడియోలో కనపడి "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేసినం, ఎవరికీ చెప్పొద్దు, గది దాటొద్దు" అని ఇంకొకడు. చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఈ సంగతే దేశానికి చెప్పారు. మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

ఇక్కడా నా గంటల లెక్కే పనికి వస్తుంది. డబ్బు అడిగినవాడు అయినవాడే అనిపించినా, వచ్చిన నంబరుకు జవాబు చెప్పకండి. మీ దగ్గర పాతనాటి నుంచి ఉన్న నంబరుకు మీరే ఫోను చేయండి. అక్కడి నుంచి మూడు గంటలు తిరిగి మోగాకే కేజీలో అడుగు పెట్టండి. దొంగ ముందుగా చెప్పే మాట ఏమిటి? "ఎవరికీ చెప్పొద్దు" అని. మనల్ని ఒంటరిని చేయకుండా వాడు పైసా తీయలేడు. పదిమందిలో ఉన్నవాణ్ణి దోచుకోవడం కష్టం.

నన్నెందుకు తీసేసిన్రు?

చివరగా, నేను ఈ రోజు మాట్లాడటానికి ఒప్పుకున్న అసలు కారణం చెబుతాను.

మా గ్రూపులో ఒక సభ్యుడు చనిపోయాడు. కబురు పెట్టగానే దండాల బొమ్మలు వంద దాటాయి. పదో రోజున వచ్చినవారు పదిహేను మంది. సరే, దూరాభారం, వయసు, ఎవరినీ తప్పుపట్టను. నెల దాటాక అడ్మిన్ తమ్ముడు పేర్లు సరిచేస్తూ ఆ నంబరును గ్రూపు నుంచి తీసేశాడు. మనిషి లేడు కదా అని. అతను మంచివాడే, చెడు ఉద్దేశం లేదు.

ఆ ఫోను మా వదిన దగ్గర ఉంది. రోజూ చార్జింగు పెట్టి, సాయంత్రం దీపం పెట్టాక తెరిచి చూసేదట. ఆయన పాత ఫొటోలు ఎవరైనా పెడతారేమోనని, ఆయన పేరు ఎవరైనా తలుస్తారేమోనని. ఒకనాడు తెరిస్తే గ్రూపు కనపడుతుంది గానీ అందులోకి కొత్త మాటలు రావడం లేదు. మనుమణ్ణి అడిగితే "మనల్ని తీసేసిన్రు నానమ్మా" అన్నాడు. ఆమె మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడి అడిగింది: "తమ్మీ, ఆయన పోయిండు, సరే. నన్నెందుకు తీసేసిన్రు?"

నా దగ్గర జవాబు లేదు. తరువాత ఆలోచించాను. మన గ్రూపు ఎలా పుట్టింది? మస్టరు నుంచి పుట్టింది. మస్టరులో ఉన్నవి మగవాళ్ల పేర్లే. ఆడవాళ్ల పరిచయాలు మస్టరులో లేవు. అవి నల్లా దగ్గర, రేషన్ షాపు దగ్గర, బతుకమ్మ ఆడిన చోట, రాత్రి షిఫ్టుకు మనం పోయాక ఒకరి పిల్లలను ఒకరు పడుకోబెట్టిన వాకిళ్లలో ఉండేవి. బాయిలో ప్రమాదం జరిగిందని తెలిస్తే గని గేటు దగ్గర చేతులు పట్టుకుని నిలబడింది వాళ్లే. క్వార్టర్లు విడిచిపెట్టిన రోజున మన పరిచయాలు ఫోనులోకి మారాయి. వాళ్లవి మారలేదు. మన నంబరు వెనుకనే వాళ్లు ఉండిపోయారు. మన నంబరు పోతే వాళ్లకు ఆ లోకమంతా పోతుంది. అదీ మనిషి పోయిన నెలలోనే, ఎవరైనా పలకరించాలని ఎక్కువగా కోరుకునే రోజుల్లో.

పలకరింపు ఒక్కటే కాదు. ఆ వదినకు కుటుంబ పెన్షన్ వస్తుంది. ఏటా తాను కూడా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలని ఆమెకు తెలియదు. నవంబరులో గ్రూపులో పదిసార్లు ఆ మాట వచ్చింది. చూడటానికి ఆమె అందులో లేదు. పెన్షన్ ఆగిపోయింది. బ్యాంకుకు పోతే ఒక మాట, ఇంకో చోటికి పోతే ఒక మాట. మనవాళ్లు ఇద్దరు వెంట తిరిగితే మళ్లీ మొదలైంది, బాకీ కూడా వచ్చింది. కానీ ఆ కొన్ని నెలలు ఆమె మందులు సగం వేసుకుని గడిపింది. ఒక్క నంబరు చెరిపితే జరిగిన పని అది.

నా మనవి

అందుకని ఈ సభ ముందు మూడు మాటలు పెడుతున్నాను. ఖర్చు లేనివి, మనం ఈ రోజే మొదలుపెట్టగలిగినవి.

మొదటిది. మన గ్రూపుల్లో చనిపోయిన సభ్యుడి నంబరు తీసేయవద్దు. కుటుంబాన్ని అడిగి, ఆ అక్క పేరు మీద ఉంచుదాం. అంతకన్నా ముందే, ఇప్పుడే, ప్రతి సభ్యుడి భార్య నంబరు కూడా చేర్చుదాం. ఫోను రానివారికి మన పిల్లలు నేర్పుతారు. అక్కలు తమకంటూ వేరే గ్రూపు పెట్టుకుంటామంటే ఇంకా సంతోషం.

రెండవది. ఒంటరిగా ఉంటున్న మన సభ్యుల జాబితా రాద్దాం. ఒక్కొక్కరికి ఒక జోడీని ఏర్పాటు చేద్దాం. పొద్దున ఎనిమిదిలోగా అతని బిళ్ల పడకపోతే జోడీ ఫోను చేయాలి. ఫోను ఎత్తకపోతే దగ్గర ఉన్నవారిని పంపాలి. శుభోదయం బొమ్మలు ఎక్కువవుతున్నాయని బాధపడేవారు వాటిని ఆ జోడీకే పంపుకోవచ్చు.

మూడవది. ఎవరైనా "బాగాలేదు" అని రాస్తే దండం బొమ్మతో సరిపెట్టకుండా, ఆ రోజు ఒక్కరైనా మాట్లాడాలి. ఎవరు మాట్లాడారో గ్రూపులో "నేను మాట్లాడిన" అని రాయాలి. అప్పుడు మిగతావారికి తెలుస్తుంది. ఎవరూ రాయకపోతే ఇంకా ఎవరూ మాట్లాడలేదని కూడా తెలుస్తుంది.

మా వదినను గ్రూపులో తిరిగి చేర్చాం. చేర్చిన సాయంత్రం ఆమె మనుమడి చేత ఒక్క మాట రాయించింది: "అందరు పైలమేనా?" అని. ఆ రోజు జవాబులు 63 వచ్చాయి. నేను లెక్కపెట్టాను. అందులో బొమ్మలు తక్కువ, మాటలు ఎక్కువ. "పైలమే వదినా", "నువ్వెట్లున్నవు అక్కా", "రేపు వస్త". వస్తానన్నవారిలో నలుగురు నిజంగానే వచ్చారు.

 నా మూడు మాటల మీద మీ అభిప్రాయం సభ ముగిసేలోగా అధ్యక్షుల వారికి తెలపాలని కోరుతున్నాను.